గంధర్వురాలి కంట నీరు

యుద్ధం రోజుల్లో బందరు నుంచి చిత్తూరు వెళ్లినప్పుడు, ఆకలేసి ఒక కల్లంగడిలో దూరాను. బండివాళ్ల మధ్య ఒకామె కూర్చుని ఉంది. ఆమె పాదాలు నేలకు ఆనడంలేదు, కంటిరెప్ప పడడంలేదు. రెండడుగులు వెనక్కి వేశాను.

"బెదరొద్దు సామీ, గంధర్వుల ఆడమనిషి. వాళ్లు ఈడికి వస్తానే ఉంటారు," అన్నాడు అంగడాయన.

ఆమె నావైపు తిరిగింది. "నా మొగుడు ఈ ఊరి మనిషే. నిన్న పోయినాడు. ఏడుద్దామంటే మా జాతికి కన్నీళ్లు రావు సామీ."

అంతలో అంగడాయన సంగటి, మిరపకాయలు నూరిన ఊరిబిండి పచ్చడి తెచ్చి నా ముందు పెట్టాడు. నేను తింటున్న ఊరిబిండి ఘాటుకు నా కళ్లు కారిపోతున్నాయి. సంగటిముద్ద అందులో అద్ది ఆమె చేతిలో పెట్టాను. నమిలింది. రెప్పలు టపటపలాడాయి. చెంప మీదికి నీటిబొట్టు జారింది.

"వచ్చినాయబ్బా, వచ్చినాయి!" అంటూ అంగడంతా లేచి కేకలు పెట్టింది. ఒకరి ఏడుపుకు అంత సంబరపడిన జనాన్ని నేనెక్కడా చూడలేదు. నేనూ అరిచాను. ఆమె మాత్రం మొగుణ్ణి పేరుపెట్టి పిలుస్తూ, మనసారా ఏడ్చింది.