పూర్తి నిమిషం

మా హైస్కూల్లో గంట కొట్టే ఆవిడకి ఒక పేరుంది గానీ, జీతాల రిజిస్టర్లో తప్ప అది ఎక్కడా వాడకంలో లేదు. పిల్లలకీ పెద్దలకీ ఆవిడ గంటమ్మే. ఇరవై రెండేళ్లుగా మెట్ల కింద వేలాడే ఇత్తడి గంటని ఆవిడ ఒక్కతే కొడుతోంది. మిగతా టైంలో గదులు ఊడుస్తుంది, బోర్డులు తుడుస్తుంది. నేనిప్పుడు ఆవిడ గురించి రాస్తున్నది మాత్రం గంట వల్ల కాదు, మంచం వల్ల.

పంతొమ్మిదేళ్లు ఆస్పత్రి వార్డుల్లో నర్సుగా తిరిగి తిరిగి నా మోకాళ్లు మొరాయిస్తే, ఈ స్కూల్లో ఆరోగ్య సేవల కోర్సు చెప్పడానికి చేరాను. నర్సింగ్ వైపో ల్యాబ్ వైపో వెళ్లాలనుకునే పదకొండు, పన్నెండు తరగతుల పిల్లలకి పల్స్ చూడటం, బీపీ చూడటం, మనిషి మంచం మీద ఉండగానే దుప్పటి మార్చడం నేర్పిస్తాను. స్కూలువాళ్లు ఒక ప్లాస్టిక్ బొమ్మని కొనిచ్చి చేతులు దులుపుకున్నారు. బొమ్మకి పల్స్ ఎక్కడిది? ప్రాక్టీసుకి ఒక మనిషి కావాలని స్టాఫ్ రూంలో అడిగితే అందరికీ ఒక్కసారిగా పనులు గుర్తొచ్చాయి. గుమ్మం దగ్గర చీపురు పట్టుకున్న గంటమ్మ మాత్రం, ఊరికే పడుకుంటే చాలా అని అడిగింది.

దానికి రెండు నియమాలున్నాయని చెప్పాను. మొదటిది కోర్సు పుస్తకంలోనే ఉంది: పేషెంట్‌గా పడుకునే మనిషి పూర్తి ఆరోగ్యంగా ఉండాలి. ఏడాదికోసారి డాక్టరు చూసి సంతకం పెట్టాలి. అది విని గంటమ్మ చాలాసేపు నవ్వింది. రెండోది నేను పెట్టుకున్నది: మంచం మీదున్నంతసేపు నోరు విప్పకూడదు, పిల్లలకి జవాబులు అందించకూడదు.

అలా మూడేళ్లు ఆవిడ వారానికి రెండు పీరియడ్లు మా గది మధ్యలో, గంట కొట్టేసి వచ్చి, చెప్పులు మంచం కింద సర్ది, పడుకునేది. పిల్లలు కిటికీలోంచి గ్రౌండ్ చూసేవాళ్లు గానీ ఆవిడ చెవులు నా వైపే ఉండేవి. క్లాసయ్యాక దుప్పట్లు మడత పెడుతూ నన్ను ప్రశ్నలతో నమిలేసేది. రక్తం వెనక్కి ఎలా వస్తుంది? నిద్రపోయినప్పుడు ఊపిరి ఎవరు గుర్తుపెట్టుకుంటారు? పల్స్ చూడటానికి బొటనవేలు ఎందుకు వాడకూడదు? బొటనవేలికి దాని సొంత పల్స్ ఉంటుంది, పేషెంట్‌ది అనుకుని దాన్నే లెక్కపెట్టి మోసపోతామని చెప్పాను. ఆవిడ దుప్పటి మడత ఆపి, "అయితే మా ఆయనకి జ్వరమొచ్చినప్పుడల్లా నేను చూసింది నా నాడేనన్నమాట" అంది.

ఇంట్లో కూడా ఆవిడ ధోరణి అదే. వియ్యపురాలు చూడటానికి వస్తే కూర్చోమనకముందే మణికట్టు పట్టుకుందట. అల్లుడైతే అత్తగారు వస్తోందంటే చేతులు జేబులో పెట్టుకుంటాడని కూతురు నాతో చెప్పుకుంది. యాభై ఏడేళ్లు ఈ ఒళ్లు మోసుకు తిరిగాను, లోపల ఏం జరుగుతోందో ఎవరూ చెప్పలేదు, ఇప్పుడు తెలుస్తుంటే ఎవరైనా ఊరుకుంటారా అని గంటమ్మ అనేది. ఆవిడకి ఒక్కటే కొరత. ఏటా పిల్లలందరూ స్టెతస్కోపు పెట్టి ఆవిడ గుండె విన్నారు. ఆవిడ మాత్రం వినలేదు. పీరియడ్ అవగానే గంటకి పరుగెత్తాలి కదా, ఎప్పటికప్పుడు రేపు చూద్దామనేదాన్ని.

నాలుగో ఏడు బ్యాచ్‌లో ఒక పిల్ల ఉండేది. పొడుగ్గా, తక్కువ మాటలతో, పట్టిన పట్టు విడవని రకం. నేను మనసులో మొండిపిల్ల అనుకునేదాన్ని. ఇరవై నాలుగు మంది పిల్లలు, నలభై నిమిషాల పీరియడ్. అందుకని పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేయమని నేర్పాను. వార్డులో నేనూ అలాగే చేశాను. ఈ పిల్ల మాత్రం గంటమ్మ చెయ్యి పట్టుకుని గోడ గడియారం ముల్లు ఒక చుట్టు పూర్తిగా తిరిగేదాకా వదిలేది కాదు. వెనక క్యూ పెరిగేది, నాకు ఒళ్లు మండేది.

పైగా ఆ పిల్ల రాసే అంకె ఎవరితోనూ కలిసేది కాదు. మిగతావాళ్లవి కూడా మొదట్లో కలిసేవి కావు. ఒకడికి అరవై ఎనిమిది, ఒకడికి ఎనభై. సరిగ్గా లెక్కపెట్టడం రాక కాకిలెక్కలు వేస్తున్నారని నేను తిట్టేదాన్ని. తిట్లు పడగానే ఒకరి పుస్తకం ఒకరు చూసుకుని అందరూ డెబ్బై ఆరు దగ్గర సర్దుకునేవాళ్లు. నేను అందరికీ టిక్కు పెట్టి మొండిపిల్లకి ఎర్ర సున్నా చుట్టేదాన్ని. పంతొమ్మిదేళ్ల నర్సుని, అంకెలు ఎందుకు కలవడం లేదని ఒక్కసారి కూడా నాకు అనుమానం రాలేదు.

ప్రాక్టికల్ పరీక్ష రోజు వచ్చింది. అందులో నెగ్గిన పిల్లలకే ఆస్పత్రిలో రెండు నెలల శిక్షణ. తప్పితే ఏడాది ఆగాలి. మొండిపిల్లకి ఏడాది ఆగే వీలు లేదు, ఈసారి రాకపోతే చదువు మాన్పించి బాబాయి బట్టల కొట్లో కూర్చోబెడతామని ఇంట్లో చెప్పేశారు. ఆ సంగతి క్లాసులో అందరికీ తెలుసు, మంచం మీదున్న గంటమ్మతో సహా.

పరీక్ష పెట్టడానికి వేరే స్కూలు నుంచి వచ్చిన మేడం ముందుగా తను పదిహేను సెకన్లు చూసి డెబ్బై ఆరు అని రాసుకుంది. దానికి నాలుగు ఎక్కువైనా తక్కువైనా ఒప్పుకుంటుంది. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి డెబ్బై ఆరుకి అటూ ఇటూగా చెప్పి వెళ్లారు. మొండిపిల్ల నిమిషం పట్టుకుని, అరవై తొమ్మిది, సమంగా లేదండి, మధ్యలో ఆగుతోంది అని చెప్పింది.

మేడం మంచిదే. కంగారు పడ్డావేమో, మళ్లీ చూడమంది. ఆ పిల్ల మళ్లీ పూర్తి నిమిషం చూసింది.

"డెబ్బై ఒకటండి."

"ఇందాక అరవై తొమ్మిదన్నావు."

"ఇందాక అరవై తొమ్మిదే ఉందండి."

మేడం నా వైపు చూసింది, మీ పిల్లేగా, ఏమంటారు అన్నట్టు. నేను తల దించి హాజరు పట్టీ తిరగేశాను. మేడం కలం మార్కుల కాగితం మీదికి వెళ్తోంది. అప్పుడు గంటమ్మ లేచి కూర్చుంది. మూడేళ్ల పైచిలుకులో ఆ మంచం మీద ఆవిడ గొంతు వినడం అదే మొదలు.

"ఆ పిల్ల చెప్పింది నిజమేనండి. నాలుగు నెలల్నుంచి ఒక దెబ్బ కొట్టీ కొట్టనట్టు ఆగుతోంది. ఇరవై రెండేళ్లు గంట కొట్టినదాన్ని, దెబ్బ తప్పితే నాకు తెలియదా? మీరు కూడా నిమిషం పట్టుకుని చూడండి."

మేడం నిమిషం చూసింది. ఆ చెయ్యి నాకు అందించింది. నా వేళ్ల కింద పల్స్ నాలుగు సార్లు చక్కగా నడిచి, ఆగి, తొందరగా ఒకటి కొట్టి, మళ్లీ ఆగింది. నాకు తల కొట్టేసినట్టయింది. మూడో పీరియడ్ గంట ఆ రోజు ఆరు నిమిషాలు ఆలస్యంగా మోగింది.

మొండిపిల్ల నెగ్గింది. కారిడార్లో గంటమ్మని పట్టుకుని, నాలుగు నెలలు నాతో ఎందుకు చెప్పలేదని నిలదీశాను. కోపం నిజానికి నా మీద నాకే.

"చెబితే మంచం దింపేస్తారు కదమ్మా. జబ్బు మనిషి పేషెంటుగా పనికిరాదని మీరే చదివి వినిపించారు. ఇంకా సగం పాఠాలున్నాయి."

"మరి ఇప్పుడెందుకు చెప్పావు?"

"ఆ పిల్ల కొట్లో కూర్చుంటే దాని పాఠాలు కూడా పోతాయి."

మర్నాడు నేనే ఆస్పత్రికి తీసుకెళ్లాను. భయం లేదు, మాత్రలు మాత్రం వదలకూడదని డాక్టరు చెప్పారు. ఆరోగ్య పత్రం మీద సంతకం పెట్టనని కూడా చెప్పారు. గంటమ్మ ఆయన్ని ఆరు ప్రశ్నలడిగి, బయటికొచ్చాక, ఏడోది మర్చిపోయానని వెనక్కి వెళ్లింది.

తర్వాతి వారం నుంచి మంచం మీద వాచ్‌మన్ పడుకుంటున్నాడు. చెయ్యి పట్టుకుంటే కితకితలంటాడు. ఆ మొదటి రోజు గంటమ్మ చీపురు పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడింది. పీరియడ్ మధ్యలోనే ఆవిడని లోపలికి పిలిచి నా కుర్చీలో కూర్చోబెట్టాను. స్టెతస్కోపు ఆవిడ చెవులకి తగిలించి, రెండో కొస ఆవిడ గుండె మీద పెట్టాను. పిల్లలు వాచ్‌మన్‌ని వదిలేసి మా చుట్టూ చేరారు. గంటమ్మ గోడ గడియారం వైపు చూస్తూ, దెబ్బ తప్పినప్పుడల్లా ఒక వేలు మడుస్తోంది.

పదిహేను సెకన్లవగానే అలవాటు కొద్దీ తీయబోయాను. ఆవిడ నా చేతిని గట్టిగా పట్టుకుంది.

"ఉండమ్మా, ఇంకా నలభై అయిదు సెకన్లుంది."