మంచిర్యాలకు పసుపు బండ్లతో

ఈ ప్రయాణం నేను కోరి చేసింది కాదు. కరీంనగర్‌లో డ్రాయింగు మాస్టరుగా బతుకుతున్న నాకు ఏడాది పొడుగునా ఉండేది ఒకే ఒక్క కోరిక: ఎండాకాలం సెలవులు రాగానే తడి తువ్వాలు నెత్తిన వేసుకొని పడుకోవాలని. సెలవుల మొదటి రోజే ధర్మపురి పక్క పల్లె నుంచి మా అక్క రాజవ్వ కబురు పంపింది. పసుపు సంచులు మంచిర్యాలకు తీసుకుపోవాలి, తోడు రమ్మని. చిన్నప్పుడు నన్ను చంకనేసుకొని తిరిగింది ఆమే. ఆ సంగతి నేను మరిచిపోతానేమోనని అప్పుడప్పుడు గుర్తుచేస్తుంటుంది కూడా. అందుకని తువ్వాలు సంచిలో పెట్టుకొని బయలుదేరాను.

పొద్దున ఆరింటి బస్సు కోసం కరీంనగర్ బస్టాండుకు పోతే ఏడింటికి ఒక బస్సు వచ్చింది. ఇంత ఆలస్యమేమిటని కండక్టరును అడిగాను. "ఇది ఏడింటి బస్సే సార్. ఆరింటిది ఇంక రాలే" అన్నాడు. ఆ విధంగా నేను సరిగ్గా వేళకే బయలుదేరాను. కిటికీ పక్క సీటు దొరికితే తీసుకోకండి. రేకు వేడెక్కి మోచేయి కాలుతుంది.

నా పక్కన కోరుట్ల మార్కెట్లో పసుపు కొనే సేటు ఒకాయన కూర్చున్నాడు. చేతిలో పనేమీ లేని మనిషికి ఉండే తీరిక ఆయన ముఖంలో కనిపించింది. ధర ఎట్లా ఉందని అడిగితే ధర ఉంటే కదా అన్నాడు.

"కిందటేడు లడాయి అయింది గద సారూ, సముద్రంల ఓడలు పోయే తొవ్వ మూసుకపోయింది. ఇగ ఆఫ్రికా మొత్తం చుట్టు తిరిగి పోవాలెనట. బొంబాయోళ్లు పొద్దుగాల ఒక ధర చెప్తరు, మాపటికి అసలు సరుకే వద్దంటరు. మేము ఏం చూసి కొనాలె?"

ఎక్కడో ఎవరో కొట్టుకుంటే ఆ దెబ్బ వచ్చి కోరుట్ల పసుపుకు తగిలింది. రైతులు గోల పెట్టగా సర్కారు ఒక ఏర్పాటు చేసింది. మంచిర్యాల స్టేషను దగ్గర ఒక కేంద్రం పెట్టి, ఖాయం చేసిన ధరకు పసుపు తానే కొంటుంది. కాకపోతే విదేశాలకు పోయే సరుకు కాబట్టి పరీక్షలో మొదటి గ్రేడు రావాలి. వ్యాగన్ ఒక్కటే. అది కదిలిన తరువాత మిగిలిన పసుపును ఇంట్లో కూరలకు వాడుకోవలసిందే.

జగిత్యాలలో దిగి చాయ తాగి, రెండు మిర్చి తిన్నాను. వేడివి అయితే తినండి. నాకు ఇచ్చినవి నిన్నటివి. ధర్మపురి బస్సు పట్టుకొని, అక్కడినుంచి నడిచి, మధ్యాహ్నానికి అక్క ఇల్లు చేరేసరికి వాకిట్లో రెండు బండ్లు సంచులతో నిండి ఉన్నాయి. జీతగాడు పెద్దులు ఎద్దులకు నీళ్లు పెడుతున్నాడు.

అక్క మొగుడు పోయి రెండేండ్లు. పిల్లలు లేరు. బాయి కాడి మడిలో పసుపు పెట్టి, సొంతంగా పంట తీయడం ఆమెకు ఇదే మొదలు. మరిది మల్లయ్య అరుగు మీద కూర్చొని చుట్ట తాగుతున్నాడు. నన్ను చూసి, నేను అడగకుండానే సంగతి చెప్పాడు.

"వదినెకు నేను ఒక్కటే మాట చెప్పిన బావా. గీ సరుకు సర్కారు ధరకు అమ్ముకొస్తే మడి ఆమెనే చేసుకోనియ్. వాపస్ వస్తే మడి నాకు ఒప్పజెప్పి ఇంట్ల కూసోవాలె. ఆడిమనిషికి గీ పరేషానంత ఎందుకు?"

అక్క అప్పుడు సద్దిమూట కడుతోంది. తల ఎత్తకుండా "ఒప్పుకున్న" అంది. నాకు ఒళ్లు మండింది. ఒప్పుకునే ముందు నన్నొక మాట అడగాలె గదా అన్నాను. "అడిగితె నువ్వు వద్దంటవు. గందుకే అడుగలే" అంది.

పొద్దు వాలినాక బండ్లు కదిలాయి. రాయపట్నం దగ్గర గోదావరి దాటాలి. ఎండాకాలం కాబట్టి పడవ అవసరం లేదు. ఇసుకలో ఈతాకులు పరిచిన బాట ఉంటుంది. ఎద్దులు దాని మీద నడుస్తాయి, మనుషులు దిగి బండిని వెనకనుంచి తోస్తారు. ప్రయాణికులు గమనించాలి: ఇక్కడ డ్రాయింగు మాస్టరని చెప్పుకున్నా మినహాయింపు ఉండదు. నడుమ ఒక పాయలో మోకాలి లోతు నీళ్లున్నాయి. సంచులు తడవకుండా అక్క చీర కుచ్చిళ్లు ఎగదోపుకొని బండి పక్కనే నడిచింది.

లక్షెట్టిపేటలో జొన్నరొట్టె, పచ్చిపులుసు తిని, బండ్లను పెద్దులుతో రాత్రికి రాత్రే ముందుకు పంపి, తెల్లవారి మేమిద్దరం మంచిర్యాల బస్సు ఎక్కాము. బస్సులో నస్పూర్ బొగ్గు గనిలో పనిచేసే ఒకాయన మా వాసన పసిగట్టాడు. పసుపుకు గ్రేడు ఎట్లా వేస్తారని అడిగాడు. పొడవు, రంగు, తేమ, మట్టి అన్నీ చూస్తారని అక్క వివరంగా చెప్పింది. ఆయన ఆసాంతం విన్నాడు.

"మా దాంట్ల గంత లేదు అక్కా. నల్లగుంటె సాలు" అన్నాడు.

అక్క ఆ గ్రేడు కోసం పడ్డ పాట్లు నాకు దారంతా చెబుతూనే వచ్చింది. బ్లాకు ఆఫీసు నుంచి వచ్చిన గ్రామసేవకుడు ఏమి చెబితే అది చేసింది. వెనకట అందరూ పసుపును పెండనీళ్లలో ఉడకబెట్టేవాళ్లు. ఈసారి ఊరంతా నవ్వుతున్నా ఆమె మంచినీళ్లలోనే ఉడకబెట్టింది. కొమ్ములు నేల మీద కాకుండా చాపల మీద ఎండబెట్టింది. మెరుపు కోసం రంగు పూయలేదు.

"ఆయన చెప్పిందాంట్ల ఒక్కటి ఇడువలే తమ్మీ. గిప్పుడు వాపస్ అంటె, ఇగ నాకు తెలిసిన పని ఏదీ లేనట్టే" అంది. నేను కిటికీలోంచి బయటకు చూశాను. చూడడానికి అక్కడ ఏమీ లేదు.

మంచిర్యాల స్టేషను ఎదురుగా ఉన్న హోటల్లో ఇడ్లీ బాగుంటుంది. సాంబారు అడగవద్దు. కేంద్రం స్టేషనుకు ఆనుకొని రేకుల కప్పుతో ఉంది. ముందు పెద్ద ఖాళీ స్థలం. మేము పోయేసరికే పెద్దులు బండ్లను వరుసలో నిలబెట్టాడు. మా ముందు ఎవరూ లేరు. మా వెనక బండ్ల వరుస రోడ్డు దాకా ఉంది. పరీక్ష చేసే ఇన్స్‌పెక్టరు కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి. తెల్ల చొక్కా, చేతిలో ఒక ఇనుప గొట్టం. దాన్ని సంచి కడుపులోకి గుచ్చి లాగితే నడుమ ఉన్న సరుకు బయటికి వస్తుంది. పైన మంచివి, లోపల పుచ్చువి పెట్టే వాళ్ల కోసం ఆ ఏర్పాటు.

మొదటి సంచి మూతి విప్పి పైనున్న కొమ్ములు చూశాడు. ఒకటి విరిచి చూశాడు. "బావుందండీ, చాలా బావుంది" అన్నాడు. అక్క నా వైపు చూసింది. ఆయన గొట్టం గుచ్చి లాగాడు.

గొట్టం ఎర్రగా వచ్చింది.

రెండో సంచి గుచ్చాడు. ఎరుపు. మూడోది, నాలుగోది కూడా అంతే. ఇన్స్‌పెక్టరు కళ్లద్దాలు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. "పసుపుకు పసుప్పచ్చ రంగు పూసేవాళ్లను చూశాను గానీ ఎర్ర రంగు కలిపేవాళ్లను ఇదే చూడ్డం" అన్నాడు.

"రంగు కాదు సారూ, కుంకుమ" అంది అక్క.

సంచి కుమ్మరిస్తే బయటపడింది. ప్రతి సంచి నడుమ మోదుగాకులో చుట్టిన కుంకుమ పొట్లం ఒకటి ఉంది. ఆకు ఎండి పగిలింది, బండి కుదుపులకు కుంకుమ కొమ్ముల మధ్యకు జారింది. మా దిక్కు పసుపు ఒక్కటే గడప దాటి పోకూడదు. ఎవరికి పసుపు ఇచ్చినా పక్కన కుంకుమ పెట్టి ఇవ్వాలి. ఒట్టి పసుపు చేతిలో పెడితే కయ్యానికి వచ్చినట్టు చూస్తారు. దేశం కాని దేశానికి పోయే పసుపు విషయంలో ఆ మర్యాద ఇంకా గట్టిగా పాటించాలని అక్క అనుకుంది. గ్రామసేవకుడు పెండనీళ్ల గురించి చెప్పాడు, చాపల గురించి చెప్పాడు. కుంకుమ గురించి ఆయన చెప్పలేదు.

"ఇది ఎవరు పెట్టారమ్మా?" అన్నాడు ఇన్స్‌పెక్టరు.

"ఇంట్ల పెట్టినం సారూ."

"రూలు ప్రకారం సరుకులో పరాయి పదార్థం ఉండకూడదండీ."

"పరాయిది కాదు సారూ, మా ఇంటిదే" అంది అక్క.

ఆయన గడియారం చూసుకున్నాడు. చివరికి, నాలుగింటికి వ్యాగన్ తలుపు వేస్తారని, ఈలోగా శుభ్రం చేసి తెస్తే మళ్లీ చూస్తానని, నాలుగు దాటితే తన చేతిలో ఏమీ లేదని చెప్పి తరువాతి బండిని పిలిచాడు. తరువాతి బండి రాలేదు. చూస్తే మా వెనకున్న బండి అప్పటికే వెనక్కి తిరుగుతోంది. దాని వెనకది కూడా తిరుగుతోంది. రోడ్డు దాకా ఉన్న వరుసంతా చప్పుడు చేయకుండా ఖాళీ స్థలంలోకి పోయి సంచులు విప్పుకోసాగింది. సారంగాపూర్ నుంచి వచ్చిన ముసలాయన ఒక్కడే కదలలేదు. తన సంచుల్లో అట్లాంటివి ఏమీ లేవని గట్టిగా చెప్పాడు. ఎందుకైనా మంచిదని ఒకటి విప్పితే పొట్లంతో పాటు నాలుగు అక్షింతలు కూడా వచ్చాయి. "మా ముసల్ది నాకు చెప్పలే" అన్నాడు.

ఇన్స్‌పెక్టరు గొట్టం ఒళ్లో పెట్టుకొని రేకుల కింద కూర్చున్నాడు. ఆ రోజు ఉదయమంతా ఆయనకు పని లేదు.

నేను స్టేషను బజారంతా తిరిగి జల్లెడలు, చేటలు, పాత ధోవతులు తెచ్చాను. పెద్దులు సంచులు కుమ్మరించాడు. అక్క జల్లించింది. ఎరుపు అంటిన కొమ్ములను ఒక్కొక్కటే గుడ్డతో తుడిచాము. బొమ్మల్లో రంగులు పూయడమే తప్ప తుడిచే పని నేనెన్నడూ చేయలేదు. ఎండ మాడ్చేస్తోంది. నేను తెచ్చుకున్న తువ్వాలు కూడా కొమ్ములకే పోయింది. అక్క అన్నం ముట్టలేదు, నీళ్లు ముట్టలేదు. జర సేపు కూర్చోమంటే, "మడి పోయినంక కూసునుడే గద తమ్మీ" అంది.

పక్క బండ్ల ఆడవాళ్లు తమ పని కాగానే, తీసిన కుంకుమ పారేయడానికి మనసు రాక, ఒకరికొకరు బొట్లు పెట్టుకున్నారు. వాళ్లలో ఒక చిన్నమ్మాయి, కొత్తగా పెండ్లయినట్టుంది, వేళ్ల మధ్య కుంకుమతో నవ్వుకుంటూ అక్క దగ్గరికి వచ్చింది. వంగి ముఖం చూసి చేయి వెనక్కి తీసుకుంది. "పర్వాలే బిడ్డా, నువ్వు పెట్టుకో" అంది అక్క, జల్లెడ ఆపకుండానే. నేను ఇంకో కొమ్ము తీసి తుడవసాగాను.

మూడున్నరకు సంచులు మళ్లీ రేకుల కిందికి చేర్చాము. ఇన్స్‌పెక్టరు అన్ని సంచులూ గుచ్చాడు. చివరి సంచిలో ఒక కొమ్ము మీద ఏదో చాయ కనిపించి, దాన్ని తన తెల్ల జేబురుమాలు మీద రుద్దాడు. మేము ముగ్గురం ఆ రుమాలునే చూస్తూ నిలబడ్డాము. పసుపే అంటింది. ఆయన సంచుల మూతులు కుట్టించి, సీసపు సీళ్లు వేయించాడు.

"మొదటి గ్రేడమ్మా. వచ్చే ఏడు సంచుల్లో ఏమీ పెట్టకండి."

"బండికి పెట్టొచ్చునా సారూ?"

ఆయన బండి వైపు చూశాడు. "బండి ఎగుమతి కాదు కదండీ, పెట్టుకోండి" అన్నాడు.

తిరుగు ప్రయాణం ఖాళీ బండ్ల మీదే. ఆ రాత్రి లక్షెట్టిపేటలో ఆగి, తెల్లవారి గోదావరి చేరాము. పాయ దగ్గర ఎద్దులు నీళ్లు తాగుతుంటే అక్క కొంగు ముడి విప్పింది. అందులో మా సంచుల్లోంచి తీసిన కుంకుమ ఉంది. బొటనవేలు దాంట్లో అద్ది ముందు బండి నొగకు బొట్టు పెట్టింది, తరువాత ఎద్దుల నొసళ్లకు పెట్టింది. ఆ వేలి గోటి చుట్టూ అంతకుముందే పాత ఎరుపు ఉంది. జల్లెడ పట్టినప్పటిది అనుకున్నాను. కానీ పోయేటప్పుడు లక్షెట్టిపేటలో రొట్టె విరిచి నాకు ఇచ్చినప్పుడు కూడా ఆ ఎరుపు అక్కడే ఉండడం గుర్తుకు వచ్చింది.

"సంచులల్ల కుంకుమ ఎవలు పెట్టిరు అక్కా? మల్లయ్య పెండ్లామా?"

"దాన్నే పిలిచిన. ముత్తైదువ పెట్టాలె గద. మల్లయ్య పోవద్దన్నడట, రాలే." నీళ్ల వైపు చూస్తూ చెప్పింది. "ఇంకెవలను బతిమాలాలె? దున్నింది నేను, తవ్వింది నేను, ఉడుకబెట్టింది నేను. ఒట్టి పసుపు పంపుడు నాకు మనసున పట్టలే. నేనే పెట్టిన తమ్మీ."

తప్పు చేశానా అని ఆమె అడగలేదు. అడిగితే లేదని చెప్పడానికి నేను సిద్ధంగానే ఉన్నాను.

ఈ దారిలో పోదలచిన వారికి చెప్పవలసింది పెద్దగా లేదు. తాగే నీళ్లు వెంట తీసుకుపోండి. ఆరింటి బస్సును నమ్మకండి. సర్కారు చెప్పినవన్నీ చేయండి, చెప్పనివి కూడా ముందుగా అడిగి తెలుసుకోండి. తోడుకు మా అక్క లాంటి మనిషి దొరికితే చాలు, నా లాంటివాడు లేకున్నా పని జరుగుతుంది.

ఊరు దగ్గర పడుతుంటే నా జేబురుమాలు తీసి, వేలు తుడుచుకోమని అక్కకు ఇచ్చాను. ఆమె దాన్ని తీసుకొని ముఖానికి పట్టిన చెమట తుడుచుకుంది. ఇంటి ముందు అరుగు మీద మల్లయ్య మేము పోయేటప్పుడు కూర్చున్నట్టే కూర్చొని ఉన్నాడు. ఖాళీ బండ్లను చూశాడు, నొగ మీది బొట్టు చూశాడు. ఎవరు పెట్టారని అడిగాడు.

అక్క బండి దిగి, బొటనవేలు చూపించి, తలుపు తీసుకొని లోపలికి పోయింది.