అంతర్వేది దాకా, కామేశ్వరి టీచరు గారితో

ఈమధ్య రాజోలు నుంచి బస్సులో వస్తుంటే దారి పక్కన కొబ్బరి డొక్కల గుట్టలు వానకి తడిసి కనిపించాయి. నానిన పీచు వాసన కిటికీలోంచి వచ్చి మొహానికి కొట్టింది. పక్క సీటులో అమ్మాయి ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం కిటికీ ఇంకాస్త తెరిచాను. ఆ వాసన తగిలితే చాలు, కామేశ్వరి టీచరు గారు నా కళ్ళ ముందుకి వచ్చేస్తారు. నేత చీర కుచ్చెళ్ళు పిన్నీసుతో బిగించుకుని, కాన్వాసు బూట్లు తొడుక్కుని, పాత లేడీస్ సైకిలు హ్యాండిలు పట్టుకుని నిలబడి ఉంటారు. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది.

తొంభైల్లో కొత్తపేటలో నేను తెలుగు టీచరుగా చేరిన బళ్ళోనే ఆవిడ లెక్కలు చెప్పేవారు. యాభై దాటిన మనిషి. గొంతు పెంచడం నేనెప్పుడూ వినలేదు. భర్త చాలాకాలం క్రితమే పోయారు. ఆయన ఉన్న రోజుల్లో ఇద్దరూ కలిసి ఒక అలవాటు మొదలుపెట్టారు. చలికాలం సెలవుల్లో తెలిసిన టీచర్లనీ వాళ్ళ ఇంటివాళ్ళనీ కూడగట్టి, సైకిళ్ళ మీద కాలవ గట్ల వెంట మూడు రోజులు తిరిగి రావడం. రాత్రిళ్ళు ఏదో ఒక ఊరి బడిలో చాపలు పరుచుకుని పడుకోవడం. ఆయన పోయాక కూడా ఆవిడ మానలేదు. ఊళ్ళో కొందరు నవ్వుకునేవారు. ఆ నవ్వు ఆవిడకి తెలిసేది కూడాను, కానీ దాని గురించి ఒక్క మాటా అనేవారు కాదు.

ఆవిడ నన్ను రమ్మన్న ఏడాది నేను మనిషిలా లేను. నెలలు నిండకుండానే కాన్పయింది. బిడ్డ దక్కలేదు. నాకు ఒళ్ళు తెలియని జ్వరం. తెలివొచ్చేసరికి అంతా అయిపోయింది. ఇంట్లో ఎవరూ ఏమీ చెప్పలేదు. చెప్పకుండా ఉంటే నేను త్వరగా మరిచిపోతానని పెద్దవాళ్ళు అనుకున్నారు. పుట్టింది ఆడపిల్లో మగపిల్లాడో కూడా నాకు తెలియదు. అడగడానికి భయం. అడిగితే మా ఆయన ఏమైపోతారోనని. ఆయన నన్ను గాజుబొమ్మలా చూసుకునేవారు. బిందె ఎత్తనిచ్చేవారు కాదు, మెట్లు గబగబా దిగితే కసిరేవారు. ఇద్దరం పెరుగన్నం గురించీ కరెంటు కోతల గురించీ మాత్రమే మాట్లాడుకునేవాళ్ళం. బళ్ళో పాఠం మధ్యలో ఏం చెబుతున్నానో మరిచిపోయి నిలబడిపోయేదాన్ని.

ఒక సాయంత్రం టీచరు గారు మా ఇంటికొచ్చారు. మా అత్తగారితో చాలాసేపు కొబ్బరి దిగుబడి సంగతులు మాట్లాడి, లేవబోతూ, నన్నూ ఆయన్నీ యాత్రకి పంపమని అడిగారు. మా అత్తగారు కంగారుపడ్డారు. ఒళ్ళు ఇంకా తేరుకోని పిల్ల, సైకిలేమిటండీ అన్నారు. డాక్టరమ్మ గారిని అడిగే వచ్చేనని, తొక్కలేని చోట దిగి నడుస్తామని టీచరు గారు చెప్పారు. మా ఆయన తలుపు దగ్గర నిలబడి వింటున్నారు. ఆయన వద్దంటారనుకున్నాను. "నేను వెనకాలే ఉంటానండి" అన్నారు.

బయల్దేరిన పొద్దున్న టీచరు గారు నన్ను అందరికంటే ముందు నిలబెట్టారు. మెల్లిగా తొక్కేవాళ్ళు ముందుండాలట. మిగతావాళ్ళు వాళ్ళ నడకకి అలవాటు పడాలట. నాకు సిగ్గేసింది. చిన్నప్పుడు పుట్టింట్లో తొక్కిన సైకిలే గానీ, మొదటి రోజు పి.గన్నవరం చేరేసరికి తొడలు కొయ్యబారిపోయాయి. దారి పొడవునా వెనక నుంచి మా ఆయన గొంతు ఒకటే: "మెల్లిగా, గొయ్యి ఉంది, బస్సొస్తోంది, మెల్లిగా." చేలల్లో కోతలయిపోయి ఉన్నాయి. కాలవలో బాతులు బారులు తీరి పోతున్నాయి. అవి నాకు కనిపించాయంటే నాకే ఆశ్చర్యమనిపించింది. చాలా నెలలుగా కళ్ళున్నా ఏదీ చూడలేదు నేను.

మర్నాడు అక్విడక్టు దాటాం. పైన కాలవ, కింద గోదావరి. గాలి చీర కొంగుని లాగేస్తోంది. అవతల గట్టు దిగుతుంటే వెనక పెద్ద చప్పుడయింది. మా ఆయన నన్నే చూస్తూ, రోడ్డు చూసుకోక, పోయి పోయి కొబ్బరి డొక్కల గుట్టలోకి దూసుకుపోయారు. మొహం నిండా పీచు. నవ్వొచ్చింది గానీ లేవబోతే ఆయనకి కాలు నిలవలేదు. చీలమండ బెణికింది. ముందు చక్రం వంకరపోయింది. పక్క ఊళ్ళో డాక్టరు గారు కట్టు కట్టి, అడుగు మోపద్దన్నారు. వంకరపోయిన సైకిల్ని కొబ్బరికాయల బండి మీద వేసి పంపాం. బస్సు అప్పుడే వెళ్ళిపోయింది, ఇంకోటి ఎప్పుడొస్తుందో తెలియదు. నేనిక్కడ కూర్చుంటాను, మీరు పొండి అన్నారాయన.

టీచరు గారు నా సైకిలు వెనక క్యారేజీని చేత్తో నొక్కి చూశారు. "ఎక్కండి బాబూ. వరలక్ష్మి తొక్కుతుంది."

ఆయన మొహం ఎర్రబడింది. నడిరోడ్డు మీద భార్య సైకిలు తొక్కుతుంటే మొగుడు వెనక కూర్చోవడం ఆ రోజుల్లో మా వైపు ఎవరూ చూసి ఎరగరు. దానికన్నా, నా ఒంటి మీద బరువు పెట్టడం ఆయన వల్ల కాదు. "అది తట్టుకోలేదండీ" అన్నారు గొణుగుతూ.

"ఆ మాట ఆవిణ్ణి అడిగేరా?"

అందరూ నా వంక చూశారు. ఆయ్, తొక్కుతానండీ అన్నాను. మొదట సైకిలు అటూ ఇటూ ఊగిపోయింది. ఆయన ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. కాసేపటికి దారి చదునుగా సాగింది, చక్రం కుదురుకుంది. మామిడికుదురు దగ్గర పడుతుంటే అరుగుల మీద వాళ్ళు లేచి చూశారు. ఎవరో ఈల వేశారు. మా జట్టులో కుర్ర మాస్టార్లు గంటలు కొడుతూ పక్కకి రాబోతే టీచరు గారు చెయ్యి అడ్డం పెట్టి అందర్నీ ఆపారు. తర్వాత చాలా దూరం వెనకే ఉండిపోయారు వాళ్ళు. మాకు వినపడేది గొలుసు చప్పుడొక్కటే.

"వరలక్ష్మీ, ఆడపిల్ల" అన్నారు ఆయన నా వీపు వెనక నుంచి.

ఎవరి సంగతో మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక కూడా కాళ్ళు ఆడుతూనే ఉన్నాయి. ఆపితే దిగాలి. దిగితే ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకోవాలి. ఇక ఆయన చెప్పలేరని తెలిసింది నాకు.

"జుట్టు ఒత్తుగా ఉంది, నీ పోలికే. నేనొక్కణ్ణే తీసుకెళ్ళేను. మన చేను గట్టు మీద, పంపు షెడ్డు వెనక."

"ఏం కప్పేరు?" అని అడిగాను.

"నీ పసుపు పచ్చ చీర."

ఆ చీర కోసం పెట్టెలన్నీ వెతికి ఊరుకున్నాను నేను. ఆయన నుదురు నా వీపుకి ఆనింది. జాకెట్టు తడిసింది. నా కళ్ళకి దారి మసకేసింది, అయినా హ్యాండిలు వదల్లేదు. ఆ దారిలో ఎన్ని అడిగానో, ఆయన ఎన్ని చెప్పారో. నేను తెలివిలేకుండా పడి ఉన్న ఆ పూట అంతా కొంచెం కొంచెంగా నా చేతికి వచ్చింది.

మూడో రోజు అంతర్వేదిలో గోదావరి సముద్రంలో కలిసే చోట, పడవలు ఒడ్డుకి చేరుతుంటే, ఇసకలో టీచరు గారి పక్కన కూర్చున్నాను. మా ఆయన కాస్త దూరంగా కాలు చాపుకుని, వలలు విడదీస్తున్నవాళ్ళతో మాట్లాడుతున్నారు. జరిగింది చెప్పి, మీకు ముందే తెలుసా టీచరు గారూ అని అడిగాను.

"నాకేం తెలుస్తుందమ్మా" అన్నారు. "మా ఆయనా నేనూ ఇంట్లో ఎదురెదురుగా కూర్చుంటే ఏదీ మాట్లాడుకోలేకపోయేవాళ్ళం. సైకిళ్ళెక్కితే ఏవో రెండు మాటలొచ్చేవి. అందుకే ఎక్కేవాళ్ళం." సముద్రం వైపు చూస్తూ బూట్లలో ఇసక దులుపుకున్నారు.

ఇంటికొచ్చాక ఆయన నన్ను చేనుకి తీసుకెళ్ళి ఆ చోటు చూపించారు. ఇద్దరం గట్టు మీద చీకటి పడేదాకా కూర్చున్నాం. ఆ తర్వాత కూడా మాకు దెబ్బలాటలున్నాయి, అలకలున్నాయి. కానీ మాట దాచుకోవడం మాత్రం పోయింది. టీచరు గారి యాత్రలకి మేం ఏటా వెళ్ళేవాళ్ళం. రెండువేల సంవత్సరం దాటాక ఆవిడకి మోకాళ్ళు సహకరించలేదు. అయినా బయల్దేరే పొద్దున్న బడి గేటు దాకా వచ్చి, మెల్లిగా తొక్కేవాళ్ళని ముందు నిలబెట్టి వెళ్ళేవారు. ఒక వేసవిలో జబ్బుచేసి పోయారు.

ఇప్పుడు నేను హెడ్‌మిస్ట్రెస్‌ని. ఏ పిల్లయినా దిగులుగా కనిపిస్తే గదిలోకి పిలిచి ఎదురుగా కూర్చోబెట్టను. బజారు దాకా తోడొస్తావా అని అడుగుతాను. పక్కపక్కన నడుస్తుంటే సగం దారిలో ఏదో ఒక మాట దానంతటదే బయటికొస్తుంది. రాకపోతే రాదు. నడిచి వెనక్కి వచ్చేస్తాం.

మా అబ్బాయి పుట్టినప్పుడు టీచరు గారు చూడటానికొచ్చారు. గదినిండా చుట్టాలు. తొలిచూలు మగపిల్లాడు, అదృష్టం అని ఎవరో అన్నారు. టీచరు గారు బిడ్డని ఒళ్ళోకి తీసుకుని, ఎప్పటి మెల్లని గొంతుతోనే, "వీడు రెండోవాడండీ. అక్క తర్వాతవాడు" అన్నారు. మా అత్తగారు కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు. అంతవరకూ ఆ మాట మా ఇంట్లో నలుగురి మధ్యా ఎవరూ అనలేదు. పిల్లలెంతమందని ఈనాటికీ ఎవరైనా అడిగితే, ఇద్దరని చెబుతాను. మా ఆయనా అలాగే చెబుతారు.