నైటీలక్క మూట

"నైటీలక్క సచ్చిపోయిందంట మేడం. గుండె ఆగిందంట" అని మా వాచ్‌మన్ భార్య లిఫ్ట్ దగ్గర చెప్పింది. అలాగా, పాపం అని పైకి వచ్చేశాను. ఏడవడానికి కూడా తలుపు వేసుకోవలసిన బతుకు నాది.

మణికొండలో అందరికీ ఆవిడ మూట చంకన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి నైటీలు, లంగాలు అమ్ముకునే మనిషి. నిజానికి ఎయిడ్స్ రోగులను ఇళ్ళకు వచ్చి చూసుకునే ఒక చిన్న సంఘం కార్యకర్త. నైటీల వేషం ఆవిడ సొంత తెలివి. ఆడవాళ్ళు లోపలి బట్టలు చూసుకుంటున్నారంటే తలుపు ఎంతసేపు మూసి ఉన్నా ఎవరూ ఎందుకని అడగరు. సంఘం నడవలేక మూతపడింది. ఆవిడ మాత్రం రావడం మానలేదు.

మావారు తన జబ్బు సంగతి చివరిదాకా దాచి, దాన్ని నాకూ అంటించి పోయారు. ఆ వెనకే నేను టీబీతో మంచాన పడితే, అత్తగారు కంచం గడప దగ్గర పెట్టి కాలితో లోపలికి నెట్టేవారు. అలాంటప్పుడు అక్క వచ్చింది. వీపు మీది పుళ్ళు గోరువెచ్చని నీళ్ళతో తుడిచేది, దుప్పటి మార్చేది, మాత్ర మింగేదాకా కదిలేది కాదు. "జావ తాగుతవా, తిట్లు తింటవా? ఏదో ఒకటి కడుపుల పడాలె" అనేది.

ఒకసారి అత్తగారి ఎదురుగానే నా గ్లాసులో మిగిలిన టీ తాగి, ఎంగిలితో ఎయిడ్స్ రాదని ఆవిడకు ఓపికగా చెప్పింది. అత్తగారు శ్రద్ధగా విన్నారు. మర్నాటి నుంచి అక్కకు కూడా ఒక గ్లాసు విడిగా పెట్టారు. అక్క నవ్వేసింది. నాకు ఈనాటికీ నవ్వు రాదు.

కోలుకుని మళ్ళీ ఉద్యోగానికి వెళ్తున్నాను. ఏటా ఎయిడ్స్ దినం నాడు మా ఆఫీసులో అందరం ఎర్ర రిబ్బన్లు గుచ్చుకుని ఫోటో దిగుతాం. నా భుజం మీద చేతులేసి నవ్వే వాళ్ళలో, సంగతి తెలిస్తే నా పక్కన కూర్చుని అన్నం తినేవాళ్ళు ఒక్కరూ ఉండరు.

అక్క ఈ పని గురించి సొంత కొడుక్కి కూడా చెప్పలేదు. "మా ఓనర్ చెవిన పడితే సామాన్లు బయటేస్తడు. కోడలు సంటిపిల్లతోని యాడికి పోతది? నేను పోయినంక గూడ చెప్పకు" అని నా దగ్గర మాట తీసుకుంది.

చావు కబురు విన్న మర్నాడు హఫీజ్‌పేట్‌లో అక్క వాళ్ళింటికి వెళ్ళాను. ముందుగదిలో చాప మీద ఇద్దరు ఆడవాళ్ళు, ఒకరికొకరు తెలియనివాళ్ళు, ఎడంగా కూర్చుని ఉన్నారు. గుమ్మంలో ఇంటి ఓనరు. మీరెవరని కొడుకు అడిగితే, అక్క దగ్గర బట్టలు కొనేదాన్నని చెప్పాను.

"మా అమ్మకు యాపారం చేతగాలేదమ్మా" అన్నాడతను. "ఎండల మూట మోసుకుంట తిరిగి పానం మీదికి తెచ్చుకున్నది. గా మూట ఎట్ల పోతే అట్లనే వస్తుండె. పిచ్చిది."

ఒళ్ళు మండిపోయింది. మీ అమ్మ నన్ను బతికించిందని అరిచి చెప్పాలనిపించింది. అతని భార్య ఒళ్ళో పసిపిల్ల నిద్రపోతోంది. ఓనరు వింటున్నాడు.

"బాగానే అమ్మేదయ్యా. నేను ఎప్పుడూ ఆవిడ దగ్గరే కొనేదాన్ని" అన్నాను.

"నేను గూడ" అంది మూలన కూర్చున్న అమ్మాయి.

"మేము గూడ ఆమె తాననే కొంటుంటిమి" అంది గోడకు ఆనుకున్న ముసలామె.

కొడుకు నమ్మలేదు. మేం ముగ్గురం మాత్రం మొదటిసారి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఎవరి ఇంట్లో ఏ జబ్బు ఉందో తెలిసిపోయింది. వెంటనే తలలు దించుకుని, చాప అంచులు సర్దుకుంటూ కూర్చున్నాం.