ఇండియా కరీం కంటే నేనే ఫాస్ట్

నిన్న పొద్దున టీ తాగుతుంటే కరీం కొడుకు ఫోన్ చేశాడు. "చాచా, అబ్బా పోయిండు," అన్నాడు.

"ఏ ఊరికి పోయిండ్రా?" అని అడిగాను నేను.

మంచం దిగలేని మనిషి ఏ ఊరికి పోతాడు? అయినా నోట్లోంచి అదే వచ్చింది.

ఫోన్‌లో నేను మాట్లాడుతుంటే అదే టైప్ చేస్తోంది. తప్పులుంటే ఏమనుకోకండి.

చిన్నవాళ్లకు తెలియదేమో. తెల్లవాళ్ల రాజ్యంలో, పందొమ్మిది వందల ముప్పైల చివర్లో, మా కరీం ఇండియా సైకిల్ టీంలో తొక్కాడు. నిజామాబాద్‌లో వాణ్ని ఉత్త కరీం అని ఎవరూ పిలవరు. ఇండియా కరీం.

నన్నేమో "ఇండియా కరీం దోస్తు గంగారాం" అంటారు. వందకు దగ్గర పడ్డాను, నాకింకా సొంత పేరు రాలేదు.

నిన్నటి నుంచి అందరూ వాడి గొప్పలు పోస్ట్ చేస్తున్నారు. చేయండి. కానీ ఒక మాట నేను చెప్పి తీరాలి.

వాడి కంటే నేనే ఫాస్ట్.

నవ్వకండి.

వాళ్ల అబ్బాది సైకిల్ షాపు. మాకు సెలవు శుక్రవారం. షాపులోంచి రెండు కిరాయి సైకిళ్లు తీసుకుని నిజామాబాద్ నుంచి బోధన్ దాకా రేస్ పెట్టుకునేవాళ్లం. బోధన్‌లో షుగర్ ఫ్యాక్టరీ అప్పటికి ఇంకా కడుతున్నారు. రోడ్డు నిండా గానుగలకు పోయే చెరుకు బండ్లు. ఎడ్ల కొమ్ముల పక్కనుంచి దూరిపోయేవాణ్ని నేను.

నేను బోధన్‌లో గానుగ దగ్గర చెరుకు రసం తాగి, మూతి తుడుచుకుని, నీడకు కూర్చున్నాక వచ్చేవాడు కరీం, ఒళ్లంతా దుమ్ము కొట్టుకుని. ఒక్కసారి కూడా నన్ను దాటలేదు.

ఒక్కసారి కూడా!

మరి ఇండియా టీంలోకి వాడెలా పోయాడు?

క్యాలెండర్ వల్ల.

నిజాం రాజ్యంలో బడిలో, సర్కారు కచేరీలో అన్నీ ఫసలీ నెలలే. ఆజూర్, దై, బహమన్... ఇంగ్లీషు నెలలతో మాకు పనే లేదు. ఆస్ట్రేలియాలో దేశాల మధ్య పోటీలున్నాయని, ఇండియా టీం కోసం నవంబర్ ఇరవైన బొంబాయిలో ట్రయల్స్ అని, షాపుకు సామాను తెచ్చే సేటు చెప్పాడు. ఇద్దరం ఎగిరి గంతేశాం.

"నవంబర్ అంటె మన ఏ నెలరా?" అని కరీం అడిగాడు.

"బహమన్," అన్నాను ఢంకా బజాయించి. ఇద్దరిలో చదువుకున్నవాణ్ని నేను కదా! బహమన్ రావడానికి ఇంకా టైం ఉందని అవ్వను తీసుకుని భీమ్‌గల్ జాతరకు పోయాను.

నవంబర్ అంటే దై, బహమన్‌కు ముందు నెల. అప్పటికే నడుస్తోంది.

నేను జాతరలో పేలాలు నములుతున్నప్పుడు కరీం టైర్ల పార్సిల్ కోసం స్టేషన్‌కు పోయాడు. రైల్వే వాళ్లది ఇంగ్లీషు క్యాలెండర్. మాటల్లో స్టేషన్ మాస్టర్‌ను తారీఖు అడిగితే తేలింది, ట్రయల్స్ ఎల్లుండే అని. బొంబాయి వైపు పోయే మన్మాడ్ బండి ప్లాట్‌ఫాం మీదే ఉంది. తొక్కుకుంటూ వచ్చిన సైకిల్‌ను ఎక్కించి తనూ ఎక్కేశాడు.

నేను ఊళ్లోకి వచ్చేసరికి వాడు లేడు. తర్వాత కబురొచ్చింది, టీంలో తీసుకున్నారని.

నాకు చెప్పకుండా ఎట్ల పోయినవురా అని ఎన్నిసార్లు అడిగానో. "నీ కోసం ఆగితే ఇద్దరం గిక్కడనే ఉంటుంటిమి గద," అనేవాడు.

నిజమే. అందుకే ఇంకా ఒళ్లు మండేది.

ఓడెక్కి ఆస్ట్రేలియా పోయాడు. అక్కడ ట్రాక్ మలుపుల దగ్గర గోడలా లేచి ఉందట. వీడు జన్మలో చూసింది బోధన్ రోడ్డు. ఇంగ్లండ్ వాళ్లు, ఆస్ట్రేలియా వాళ్లు వీణ్ని రౌండ్ మీద రౌండ్ దాటేశారు.

లాస్ట్ వచ్చాడు.

ఆ లాస్ట్ ప్లేస్ మీద నాకు ఇప్పటికీ కుళ్లే. వాడు అన్ని దేశాల ముందు లాస్ట్. నేను చెరుకు బండ్ల ముందు ఫస్ట్. మీరైతే ఏది కావాలంటారు?

తిరిగొచ్చిన రోజు స్టేషన్‌లో మర్ఫా వాయిద్యాలు, పూలదండలు. మా అవ్వ, నన్ను కన్న మా అవ్వ, వాడికి దిష్టి తీసింది! "గింత సిక్కిండు బిడ్డ, ఆ తెల్లోళ్లు బువ్వ పెట్టిన్రో లేదో," అని ఏడ్చింది. నేను ఆ పక్కనే నిలబడి ఉన్నాను.

ఇక ఆ కోటు! జేబు మీద ఇండియా అని కుట్టిన టీం కోటు. నడి ఎండాకాలం నా పెళ్లికి అదే వేసుకొచ్చాడు. ఎదురుకోళ్లలో ఆడపెళ్లివాళ్లు పన్నీరు ముందు వాడి మీదే చల్లారు. నా భార్య బతికున్నన్నాళ్లు ఆ మాట గుర్తు చేసి నవ్వేది.

అన్నిటికంటే పెద్ద మంట ఇంకోటుంది.

చాయ్ హోటల్లో ఎవరైనా పొగిడితే కరీం నన్ను చూపించేవాడు. "ఖుదా కసం, గంగారాం నాకంటె తేజ్ తొక్కుతుండె భాయ్. ఎప్పుడు నేనే ఓడిపోతుంటి."

అందరూ ఏమనేవాళ్లో తెలుసా? "ఎంత పెద్ద దిల్ కరీం భాయ్ నీది!"

నా గురించి నిజం చెప్పినా, మెప్పు వాడికే.

నిన్న కబ్రస్తాన్ దగ్గర టీవీ అమ్మాయి మైక్ పెట్టింది. "తాతా, మీరు కూడా సైకిల్ తొక్కేవాళ్లా?"

"వాడి కంటే ఫాస్ట్ తొక్కేవాణ్ని," అన్నాను.

"అవునా తాతా," అని నవ్వి, మైక్ పక్కవాళ్ల వైపు తిప్పింది.

ఆ పిల్లను ఏమనను? ముసలాయన చాదస్తం అనుకుని ఉంటుంది. మీరూ అదే అనుకుంటారు. ఆ రోడ్డు మీద నేను గెలవడం చూసినవాడు ఒక్కడే. వాణ్ని నిన్న సాయంత్రం మట్టిలో పెట్టి వచ్చాం.

కరీం, నీ మీద కుళ్లు తగ్గలేదురా. నువ్వు లేకుంటే నేనెవరన్నది ఎవరికి తెలుస్తది?

ఖుదా నిన్ను సల్లగ సూడాలె. నిమ్మళంగ పండుకో.