ఉత్తరానికి పారే ఏరు

నా చిన్నప్పుడు, కరోనా వచ్చిన ఏడాది, మేం దుబాయ్‌లో అల్ కుసైస్‌లో ఉండేవాళ్లం. నానమ్మను చూడ్డానికి విశాఖపట్నం వెళ్లిన నాన్న, విమానాలు ఆగిపోయి అక్కడే చిక్కుబడిపోయారు. అమ్మ నర్సు. ఆమె డ్యూటీకి వెళితే నన్ను పక్కింటి అమ్మమ్మ చూసుకునేది.

ఆవిడ బర్మాలో పుట్టిన తెలుగు మనిషి. వాళ్ల తాతలు ఎప్పుడో కళింగపట్నంలో ఓడెక్కి వెళ్లారట. కొడుకుకు ఇక్కడ ఉద్యోగం దొరికితే వెంట వచ్చింది. ఇన్ని దేశాలు తిరిగినా ఆవిడ నోట శ్రీకాకుళం యాస చెక్కుచెదరలేదు.

నా పుట్టినరోజుకు వచ్చేస్తానన్న నాన్న రాలేకపోయారు. ఆ కోపంతో నేను ఆయనతో ఫోన్‌లో మాట్లాడ్డం మానేశాను. అమ్మ బతిమాలింది, కసిరింది. నేను వినలేదు. అమ్మమ్మ అదంతా చూస్తూనే ఉంది.

ఒకరోజు ఆన్‌లైన్ క్లాసులో, రెండు దేశాల సరిహద్దులో పారే నదిని గీయమన్నారు. తమ ఊరి ఏరు గీయమంది అమ్మమ్మ. బర్మా వాళ్లకు అది తౌంయిన్, అవతల థాయిలాండ్ వాళ్లకు మోయి. నేను పై నుంచి కిందికి గీత గీసి బాణం గుర్తు పెట్టాను. ఆవిడ నవ్వి చెరిపించింది. ఆ ఏరు ఉత్తరానికి పారుతుందట. కొండల మధ్య నుంచి పోయి పోయి సాల్వీన్ అనే పెద్ద నదిలో కలిసి, దానితో పాటు మళ్లీ దక్షిణానికి తిరిగి సముద్రం చేరుతుందట. ఎడమ ఒడ్డు బర్మా, కుడి ఒడ్డు థాయిలాండ్.

ఆ కుడి ఒడ్డున ఆవిడ అక్క కాపురం. ఎండాకాలం నీళ్లలో నడిచే వెళ్లిపోయేవారు. వానలకు ఏరు పొంగితే పడవలు ఆగేవి. అప్పుడు అక్కాచెల్లెళ్లు సాయంత్రం పూట చెరో ఒడ్డుకు వచ్చి నిలబడేవారు. ఆ హోరులో మాటలు వినపడేవి కావట.

మరి ఎందుకు వెళ్లడమని అడిగాను.

"అది అగుపడతాది గదేటే," అంది. "ఓ తూరి నామీద అలిగి రానేదు. నాను సీకటి పడేదాకా వానలో అలాగే నిలబడిపోనాను. ఏరు దాటడం మన సేతిలో నేదమ్మా. ఒడ్డుకి రావడం మన సేతిలోదే."

ఆ మాట అని ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోయింది. నేను చాలాసేపు ఆ బొమ్మ ముందే కూర్చున్నాను.

ఆ సాయంత్రం నాన్న ఫోన్ చేస్తే నేనే తీశాను. ఏం మాట్లాడాలో తోచక, ఉత్తరానికి పారే ఏరు ఒకటుందని చెప్పాను. "ఏదీ, చెప్పు తల్లీ," అన్నారు నాన్న.

కొన్ని నెలలకు నాన్న వచ్చారు. అమ్మమ్మకు మాత్రం తన ఏటిని మళ్లీ చూసే భాగ్యం దక్కలేదు, దుబాయ్‌లోనే కన్నుమూసింది. పెద్దయ్యాక నాకూ ఎన్నో కోపాలొచ్చాయి, ఎందరో దూరమయ్యారు. కానీ దూరాన ఉన్న మనిషి మీద అలిగి మాట మానేయడం మాత్రం, ఆ రోజు తర్వాత మళ్లీ నాకు చేతకాలేదు.