రాయప్ప గారికి నచ్చని ఫోను

ముసునూరు రాయప్ప గారికి పుట్టిన దగ్గర్నుంచీ ఏ వస్తువూ నచ్చలేదు. నచ్చకపోతే కొనకుండా ఊరుకోవచ్చు కదా అంటే, ఆయన అలాంటి మనిషి కాదు. కొంటారు. ఉన్నవాటిలో మంచిదే కొంటారు. కొన్న మర్నాడు దాన్ని చంకలో పెట్టుకుని వెళ్ళి, అమ్మినవాడి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని, అందులో ఏం తేడా ఉందో తాపీగా చెబుతారు. కోప్పడరు, అరవరు, డబ్బు వెనక్కి ఇమ్మని కూడా అడగరు. ఆయన చెప్పాలి, ఎదుటివాడు వినాలి, అంతే.

మోటారు కొంటే దాని చప్పుడులో దగ్గు వినిపిస్తోందని కంపెనీవాళ్ళని తోటకి రప్పించారు. గొడుగు కొంటే నీడ పల్చగా పడుతోందన్నారు. ఒక ఆదివారం పూజ అయ్యాక చర్చి మెట్ల మీద ఫాదర్ గారిని ఆపి, "పోయిన వారం ప్రసంగం బాగా పండిందండి. ఈ వారంది ఇంకొన్నాళ్ళు చెట్టు మీద ఉంచాల్సింది" అన్నారు. ఫాదర్ గారు మంచివారు కాబట్టి, అప్పట్నుంచీ శనివారం సాయంత్రమే ఆయన్ని పిలిచి ప్రసంగం ముందుగా వినిపించడం మొదలుపెట్టారు.

ఆయన భార్య ఇన్నమ్మ గారు మాత్రం నిశ్చింతగా ఉండేవారు. "నా మీద ఫిర్యాదు చేద్దామంటే మా పుట్టింట్లో వినేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. అందుకే నా జోలికి రారు" అనేవారు.

రాయప్ప గారు మామిడి తోటల్ని పూత మీద కౌలుకి తీసుకుని, కాయ దించి, నూజివీడు మార్కెట్టుకి తోలుతారు. ఈమధ్య బేరగాళ్ళు కాయని చూడటానికి తోటకి రావడం మానేశారు. "ఫోటో పెట్టండి, చూసి చెబుతాం" అంటున్నారు. అందుకని ఆయన ఒక కంపెనీవాళ్ళు చేసే ఫోన్లలోకెల్లా పెద్ద ఫోను కొన్నారు. షాపులో దాన్ని అటూ ఇటూ తిప్పి, బొటనవేలితో నొక్కి, చార్జింగ్ పెట్టే కన్నం దగ్గర వాసన చూశారు. అమ్మే కుర్రాడు బిత్తరపోయాడు.

"తొడిమ దగ్గర వాసన చూస్తేగానీ సరుకు తెలీదయ్యా" అన్నారు రాయప్ప గారు.

మర్నాడు పొద్దున్నే నూజివీడులో ఆ కంపెనీ సర్వీస్ సెంటర్ తలుపు తీసేసరికి మెట్ల మీద ఆయన ఉన్నారు. లేయాకి ఆయనతో పరిచయం అలా మొదలైంది.

లేయాది ఆగిరిపల్లి. వాళ్ళమ్మ తోటల్లో కాయ ఏరడానికి వెళుతుంది. కోతలున్నన్నాళ్ళు ఇంట్లో కళ ఉంటుంది, తర్వాత ఉండదు. మామిడి కాపుతో సంబంధం లేకుండా ఏడాది పొడుగునా జీతం వచ్చే ఉద్యోగం ఆ ఇంట్లో లేయాదే మొదటిది. కౌంటర్లో కూర్చుని, వచ్చినవాళ్ళ కష్టం విని, కంప్యూటర్లో ఎక్కించి, ఫోను లోపలి టెక్నీషియన్‌కి పంపడం ఆమె పని. ఎవరేమన్నా నవ్వుతూనే ఉండాలని శిక్షణలో చెప్పారు. ఆ శిక్షణ ఇచ్చినవాళ్ళు రాయప్ప గారిని చూడలేదు.

"చెప్పండి సర్, ప్రాబ్లం ఏంటి?"

"ముందు ఆ సర్ మానెయ్యమ్మా. నేనేమన్నా బళ్ళో పాఠం చెబుతున్నానా? బాబాయ్ అను." సంచిలోంచి ఒక మామిడికాయ తీసి కౌంటర్ మీద పెట్టారు. "ఇదేంటి?"

"బంగినపల్లి అండీ."

"పచ్చిదా, పండా?"

"పచ్చిదే బాబాయ్ గారూ."

ఆయన ఫోను తెరిచి ఫోటో చూపించారు. ఫోటోలో అదే కాయ పసుపురంగులో నిగనిగలాడుతోంది. తొడిమ పక్కన ఉన్న నల్లమచ్చ కూడా మాయమైంది.

"కార్బైడ్ పెట్టినా రెండ్రోజులు పడుతుంది. ఇది నొక్కగానే పండించేసింది. రేపు లోడు దిగాక బేరగాడు దొంగ అనేది నన్నా, ఫోనునా?"

లేయా కిందామీదా పడి, ఫోటోలకి మెరుగులు దిద్దే ఆ సెట్టింగ్ పట్టుకుని ఆపేసింది. మళ్ళీ ఫోటో తీసి చూపించింది. ఈసారి కాయ కాయలాగే పడింది, మచ్చతో సహా. రాయప్ప గారు దాన్ని చాలాసేపు చూశారు.

"ఇప్పుడు కాయ మరీ దిగులుగా ఉందమ్మా."

తర్వాతి వారం ఇంకొకటి.

"నా ఫోను నన్ను గుర్తుపట్టడం మానేసింది."

కోతల కాలం. మామిడి సొనకి చర్మం కాలి ఆయన వేళ్ళ కొసల్లో గీతలన్నీ చెరిగిపోయాయి. వేలు పెడితే ఫోను తెరుచుకోవడం లేదు.

"ముఖం చూసి తెరుచుకునేలా పెట్టమంటారా?"

"తోటలో ముఖానికి తువ్వాలు చుట్టుకుంటానమ్మా. దానికోసం ఎండలో విప్పి నిలబడాలా?"

"పోనీ నంబరు పెట్టుకోండి."

"నంబర్లు గుర్తుండేవాడినైతే ఇంత పెద్ద ఫోను ఎందుకు కొంటాను?"

ఆ తర్వాత ఫోను వేడెక్కి ఆగిపోతోందని వచ్చారు.

"ఎండలో పెట్టారా బాబాయ్ గారూ?"

"నేనూ ఎండలోనే ఉన్నాను. నేను ఆగిపోయానా?"

దీనికి కంప్యూటర్లో ఏం రాయాలో లేయాకి తెలియలేదు. ఇంకోసారి తెర మీద పైనుంచి కిందికి ఆకుపచ్చ గీత ఒకటి పడింది. అది కంపెనీ తప్పే కాబట్టి తెర ఉచితంగా మార్చి ఇచ్చారు. రాయప్ప గారు కొత్త తెరని వేలితో తడిమి, "గీత ఉన్నప్పుడు ఫోను మనదేనని దూరం నుంచే తెలిసేది" అన్నారు.

చిక్కంతా హైదరాబాదు నుంచి వచ్చిన ఫోనుతో మొదలైంది. కంపెనీవాళ్ళు కొన్నవాళ్ళకి ఫోను చేసి ఎంత సంతృప్తిగా ఉన్నారో అడుగుతారు, పదికి ఎన్ని మార్కులు వేస్తారని. రాయప్ప గారు అలాంటి ఫోను కోసం జీవితమంతా ఎదురుచూసినట్టున్నారు. చెట్టు కింద మంచం వాల్చుకుని మొదలుపెట్టారు.

"మార్కులు ఫోనుకా, అమ్మిన షాపుకా, బాగుచేసే పిల్లకా?"

"అన్నిటికీ కలిపి ఒకటే నంబరు సర్."

"బంగినపల్లికీ రసానికీ కలిపి ఒకటే రేటు కడతామా అమ్మా? విడివిడిగా రాసుకో."

ఫోనులో అమ్మాయి రాసుకోలేదు. ఒకటే నంబరు చెప్పమంది. రాయప్ప గారు ఫోను మంచిచెడ్డలన్నీ ఆలోచించి, న్యాయంగా నాలుగు వేశారు.

నాలుగు వచ్చిందని మేనేజర్ సంతోష్ కుమార్ లేయాని పిలిచి చీవాట్లు పెట్టాడు. కంపెనీ లెక్కలో ఆ మార్కులు ఫోనుకి కాదు, కౌంటర్లో కూర్చున్నవాళ్ళకి. ఆ వారం రాయప్ప గారు రాగానే లేయా నవ్వలేదు.

"మీరు నాలుగు వేశారట కదా బాబాయ్ గారూ. అది నా మీద పడింది."

"నేను ఫోనుకి వేశానమ్మా."

"ఫోనుకి ఎవరూ జీతం ఇవ్వరు కదండీ, దానికేం పోతుంది?" లేయా అక్కడితో ఆగుదామనుకుంది. నోరు ఆగలేదు. "అయినా ఇప్పుడు ఎన్ని మార్కులేస్తే ఏంలెండి. ఇక్కడికి జనం రావట్లేదని సీజను అయ్యాక సెంటర్ మూసేస్తారట. ఉద్యోగం కావాలంటే వైజాగ్ వెళ్ళాలి. మా అమ్మ ఒక్కతే ఇక్కడ, నేనొక్కదాన్నే అక్కడ. ఆ జీతం నా గది అద్దెకి, తిండికి సరిపోతే గొప్ప."

రాయప్ప గారు తెచ్చిన ఫిర్యాదు చెప్పలేదు. కూర్చున్న కుర్చీ కాళ్ళు ఒకసారి వంగి చూసి, లేచి వెళ్ళిపోయారు. ఆయన ఫిర్యాదు చెయ్యకుండా వెళ్ళడం ఆ సెంటర్లో అదే మొదటిసారి. తను మరీ ఎక్కువ మాట్లాడిందేమోనని లేయాకి ఆ రోజంతా అన్నం సహించలేదు.

సోమవారం నుంచి జనం రావడం మొదలైంది.

ముందు జోజి అనే ఆటోడ్రైవర్ వచ్చాడు. ఫోను వెనక అట్ట పూరీలా పొంగి ఉంది. లోపల బ్యాటరీ ఉబ్బిందని చూడగానే తెలిసిపోయింది. "ఇన్నాళ్ళూ ఏం చేశారండీ, ఇది ప్రమాదం" అంది లేయా. "రబ్బరుబ్యాండు వేసి వాడుకుంటున్నానమ్మా. మనం చెబితే ఎవడు వింటాడులే అని" అన్నాడు జోజి.

తర్వాత ఆగిరిపల్లి నుంచి నాగేశ్వరమ్మ వచ్చింది. లేయావాళ్ళమ్మతో కాయ ఏరడానికి వెళ్ళే మనిషి.

"దీంట్లో మా అక్క గొంతు మా ఆడబిడ్డ గొంతులా వినిపిస్తోందే."

"అదేం కంప్లైంట్ పిన్నీ?"

"నీకు తెలీదు. మా ఆడబిడ్డ అనుకుని అక్కతో పెడసరంగా మాట్లాడేశాను. రెండు నెలల్నుంచి మాటల్లేవు."

తెరిచి చూస్తే స్పీకరులో దుమ్ము గడ్డకట్టి ఉంది. శుభ్రం చేసి ఇస్తే ఆమె అక్కడికక్కడే అక్కకి ఫోను చేసి, సెంటరంతా వినేలా ఏడ్చి, నవ్వి, వెళ్ళింది.

ఆ వెనకాల ముసునూరు నుంచి, ఆగిరిపల్లి నుంచి బండ్ల మీద, బస్సుల్లో వస్తూనే ఉన్నారు. అన్నీ ఆ కంపెనీ చిన్న ఫోన్లు. చార్జింగ్ ఎక్కనివి, మాట సగంలో మింగేసేవి, తెర మీద గీతలు పడ్డవి. లేయాకి మధ్యాహ్నం డబ్బా తెరిచే తీరిక లేదు. వీటన్నిటికీ తోడు రాయప్ప గారు రోజూ వచ్చి, బెంచీ మీద వరసలో ఉన్నవాళ్ళ మధ్య కూర్చుని అజమాయిషీ చేసేవారు.

"పని చెయ్యట్లేదు అనకు. ఎప్పుడు చెయ్యట్లేదు, ఎలా చెయ్యట్లేదు, అది చెప్పు. డాక్టరు దగ్గరికెళ్ళి బాలేదు అంటే మందిస్తాడా?"

ఈయన జబ్బు మండలానికంతా అంటుకుందని లేయాకి రూఢి అయింది. సెంటర్ మూసేలోపు తన ప్రాణం తీసేలా ఉన్నారనుకుంది. ఒకరోజు ఉండబట్టలేక అడిగింది కూడా.

"మీకు తోట పనుల్లేవా బాబాయ్ గారూ?"

"ఉన్నాయి. మీ ఫ్యాను గాలి ఎడమవైపుకే వస్తోందమ్మా, చూసుకున్నావా?"

సీజను చివర్లో హైదరాబాదు నుంచి జయకర్ అనే ఆఫీసరు వచ్చాడు. మూసివేత కబురు నోటితో చెప్పడానికే వచ్చాడని సంతోష్ కుమార్ ముందే చెప్పాడు. లేయా కౌంటర్ సొరుగులోని తన సామాను పొద్దున్నే సంచిలో సర్దుకుంది. జయకర్ లోపలికి అడుగుపెట్టబోయి, గుమ్మం దగ్గర నిలబడ్డవాళ్ళని తప్పించుకోలేక కాసేపు బయటే ఉండిపోయాడు.

లోపలికొచ్చి కంప్యూటర్ చూసి, చెమట తుడుచుకున్నాడు. "మూసెయ్యమని చెప్పడానికి వచ్చానండీ. ఇంత పని ఉన్న సెంటర్ ఎలా మూస్తాం? ఏలూరులో కూడా ఇంతమంది రారు. ఇవన్నీ నిజం రిపేర్లేనా?"

"అన్నీ నిజమేనండి. ప్రతిదీ తెరిచి చూశాం" అంది లేయా.

"ఉన్నట్టుండి ఇంతమందికి ఒకేసారి పాడయ్యాయా?"

బెంచీ మీద ఆ రోజు చార్జర్ పట్టుకొచ్చిన నాగేశ్వరమ్మ ఉంది. పక్కనే రాయప్ప గారు. ఆయన ఆమె మోచేతిని పొడిచారు. ఆమె పట్టించుకోలేదు.

"ఎప్పట్నుంచో పాడయ్యే ఉన్నాయండి. మేమే చెప్పుకోలేదు. ఈ రాయప్పన్నయ్య బండేసుకుని ఊరూరా తిరిగాడు. ఆ పిల్ల ఉద్యోగం పోయేలా ఉంది, ఫోనులో తేడా ఉంటే దాచుకోకుండా పోయి చెప్పండన్నాడు. లేనిది చెప్పొద్దన్నాడు, ఉన్నది మింగొద్దన్నాడు. బస్సెక్కడానికి బద్ధకించినవాళ్ళని బండి మీద తనే తీసుకొచ్చాడు."

లేయా రాయప్ప గారి వంక చూసింది. ఆయన ఫ్యాను వంక చూస్తున్నారు.

"మీరేనా రాయప్ప గారు?" జయకర్ ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. ఆ పేరు హైదరాబాదులో కూడా తెలుసన్నమాట. "మా పెద్ద ఫోను వాడుతున్నారు కదండీ. ఎలా ఉంది?"

రాయప్ప గారి ముఖంలోకి వెలుగొచ్చింది. కుర్చీ లాక్కున్నారు. కాయ రంగు దగ్గర మొదలుపెట్టి, వేడి, సొన, బ్యాటరీ, చేతిలో జారే గుణం, జేబులో పట్టని పొడుగు, ఒక్కొక్కటీ ఓపిగ్గా చెప్పారు. జయకర్ శిక్షణ పొందిన మనిషి కాబట్టి నిలబడే అన్నీ విన్నాడు. ఆఖరికి అడిగాడు.

"సరేనండి. ఇక ఈ అమ్మాయి సర్వీసు గురించి చెప్పండి. మొహమాటపడకండి. ఏం ఫిర్యాదు ఉంది?"

రాయప్ప గారు నోరు తెరిచారు. మూశారు. లేయా వంక చూసి, కౌంటర్ వంక చూసి, మళ్ళీ తెరిచారు. బెంచీ మీద వాళ్ళంతా మాటలాపి ముందుకి వంగారు. ఆయన కణతల దగ్గర చెమట పట్టింది.

"ఏం లేదండి" అన్నారు చివరికి, మెల్లగా. "ఆ పిల్ల మీద నాకేం ఫిర్యాదు లేదు."

నాగేశ్వరమ్మ గాభరాగా లేచి, ఆయన నుదుటి మీద అరచెయ్యి ఆనించి చూసింది.

"ఒళ్ళు చల్లగానే ఉందే. పొద్దున ఏమన్నా తిన్నావా అన్నయ్యా?"

లేయా తల వంచుకుని, నవ్వు పైకి తెలియకుండా పెదవి బిగబట్టి, వరసలో తర్వాతి వాళ్ళని పిలిచింది.